కొర్రల కుండ అడుగున

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అడవిపందుల కోసమని లైసెన్సు తెచ్చుకున్న నీ తుపాకీ ఇప్పుడు తమ్ముడి పేర ఉంది. ఇందాక దాన్ని గోడ మీద నుంచి దించాడు. గట్టు దగ్గర పక్కచేను వాళ్లు వాడి మీద చెయ్యి చేసుకున్నారట.

కోపంలో చేతికి అందకూడదని తూటాలను కరువుకు దాచిన కొర్రల కుండ అడుగున పెట్టేవాడివి కదా. వాడు కుండను వంచబోతే అమ్మ అరిచింది.

"గింజ కింద పడగూడదప్పా! చాటలోకి తియ్!"

పిడికిళ్లతో తీశాడు. కుండ సగమయ్యేసరికి చెయ్యి నెమ్మదించింది. అడుగున తూటాలు లేవు.

"యాడ పెట్టినావమ్మా?"

"మీ నాయనే పోకముందు స్టేషన్‌లో ఇచ్చేసినాడు."

"ముందే చెప్పొచ్చు గదా!"

"చెప్పింటే కొడవలి ఎత్తుకోని పోయింటావు. ఇంగ కొర్రలు మళ్లా పోయ్."

పోస్తున్నాడు నాయనా. ఒక్క గింజ కింద పడనివ్వడం లేదు.