బొట్టు పెట్టని మేనత్త

1973 ఏప్రిల్ 29

అన్న బిడ్డ రాజేశ్వరి పెండ్లి దగ్గరికొచ్చింది. మా మట్టెవాడల బొట్టు పెట్టి పిలిస్తెనే పిలిచినట్టు. ఆ పని ఇంటి ఆడబిడ్డది, అంటే నాది. వదిన అనసూర్య కుంకుమ భరిణె చేతికిచ్చింది. మొదలు పక్కింటి సమ్మమ్మ దగ్గరికి పోయిన. ముసలామె నవ్వుకుంట మొఖం లేపింది.

నా వేలు ఆగిపోయింది. చెవులల్ల దూది కుక్కినట్టయింది. భరిణె జారి కుంకుమంత నేల పాలు. అందరు అపశకునం అని పరేషాన్. నేనేమో నా మణికట్టు పట్టుకొని పల్స్ చూసుకుంటాన. మిలిటరీ నర్సు కొలువు ఇడిసి ఏడాదాయె, అలవాటు పోలే.

ఏప్రిల్ 30

టెస్ట్ చేసిన. గడపకు పెడితే ఏం కాలే. మగ్గం గుంజకు పెట్టిన, నాకు నేను పెట్టుకున్న, ఏం కాలే. మధ్యాన్నం పండుకున్న అన్నకు గూడ పెట్టిన. లేచి అద్దంల చూసుకొని తిట్టిండు. రాజేశ్వరిని ముందల కూసోబెట్టుకున్న. ఆగింది చెయ్యి.

అంటే ఎర్ర రంగుతోని కాదు. నొసలుతోని కాదు. కండ్లు తెరిచి నన్ను చూస్తాంటేనే ఆగుతాంది. భలే ఉన్నది కేసు.

మే 2

వాడల ఏమనుకుంటాండ్రో ఇయ్యాల తెలిసింది. నేను మిలిటరీల ఎవరో ఆఫీసర్‌ను చేసుకున్ననట, ఆయన లడాయిల సచ్చిండట, అందుకే బొట్టు ముట్టుతలేనట. అన్న తలకాయ దించుకొని, ఆయన పేరేంది చెల్లే అని అడిగిండు. ముందుగాల నవ్వొచ్చింది. తర్వాత మంట లేసింది. పెండ్లిపిలగాని తరపోళ్లు గూడ అడుగుతాండ్రట, మేనత్త పందిరి కింద నిలవడొచ్చునా అని. రాజేశ్వరి మాత్రం మొండిది. అత్త పిలువకుంటే ఎవ్వరిని పిలువొద్దని కూసున్నది.

మే 3

వదిన భరిణెను నా కంట పడకుంట బియ్యం డబ్బా ఎనుక దాసింది. నాకు కోపమొచ్చింది.

మే 5, మధ్యాన్నం

వదిన మగ్గానికి నూలు కండెలు చుట్టుతాంది. చెప్పేసిన.

డెబ్బై ఒకటి లడాయి. బార్డర్ కాడ దవాఖాన టెంట్. నొప్పికి మార్ఫియా సూది ఇచ్చినోళ్ల నొసట పెన్నుతోని M రాయాలె, లేకుంటే తర్వాత పోయే దవాఖానల మళ్ల ఇస్తరు, పానం పోతది. నేనే రాసేది. రాస్తాంటే అందరు నా కండ్లల్లకే చూసేటోళ్లు. ఒక పిలగాడు జనగామ దిక్కోడు. నేను తెలుగుదాన్నని ఎట్ల కనిపెట్టిండో, ఏం రాస్తానవ్ అక్కా అన్నడు. బొట్టు పెడ్తాన తమ్మీ అన్న. నవ్విండు. బండి ఎక్కియ్యకముందే పోయిండు. ఎనుక ఇంకా మంది ఉండె, ఏడ్సుటానికి టైం లేదు.

స్ట్రెచర్ మీద పండుకున్న ఆ పిలగానికి కిందికెళ్లి ఏం కనవడ్డదో అని ఇప్పటికి అనుకుంట. నా మొఖమా, పెన్నా? భయపడ్డడా?

వదిన ఊకో అనలే. నీ నొసట ఇంకొకలు బొట్టు పెట్టి ఎన్నేండ్లాయె అని అడిగింది. ఎంత యాది చేసుకున్న తెల్వలే. అయితే పిలువవోయిన ఇంటోళ్లే ముందుగాల నీకు పెడ్తరు, తర్వాత నువ్వు పెట్టు అన్నది. పిలువ వచ్చినోళ్లకు ముందు పెడ్తరా, ఆచారం తలకిందులైతది అన్న. అయితే కానీ, ఎవరికి ఫికర్ అన్నది.

అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోలే. వదిన కండెలు పక్కకు పెట్టి నా దగ్గర కూసున్నది, పొయ్యి మీద పప్పు మాడింది.

మే 7

సమ్మమ్మ ముందు నాకు పెట్టింది. నేను కండ్లు మూసుకోలే. కిందికెళ్లి చూస్తే అరచెయ్యి కనవడ్తది, దాని పక్కకెళ్లి మొఖం. భయం కాలే. తర్వాత నేను పెట్టిన. బొట్టు వంకరొచ్చింది. వాడంత పిలిచిన.

వచ్చేటప్పుడు గల్లీల ఎవ్వరు లేరు. వంగిన. స్ట్రెచర్ ఉండేంత ఎత్తుల, గాలిల ఒక బొట్టు పెట్టిన. తమ్మీ, మా రాజేశ్వరి పెండ్లికి రా అని పిలిచిన.