డబ్బాలో వచ్చిన చెంచా

ఎల్లారెడ్డి

ప్రియమైన గ్లోరీ వాళ్ల డాడీకి,

బస్సులో పంపే టిఫిన్ డబ్బాలో ఈ చీటీ ఏమిటని అనుకోకండి. ఫోన్లో మాట్లాడితే మీ అవ్వ వింటుంది. మనిద్దరికీ హెచ్ఐవీ ఉన్న సంగతి ఆమెకు తెలియదు కదా. నా రక్తంలో వైరస్ మళ్లీ పెరిగిందట, అదీ మందుకు లొంగని రకమట. "మందు ఎగ్గొట్టినవా?" అని డాక్టరమ్మ అడిగితే ఒక్కరోజు కూడా లేదన్నాను. "గట్లయితే ఇంకొకరి నుంచి అంటి ఉండొచ్చు" అంది. మీరు తప్ప నాకు ఇంకొకరు ఎవరున్నారు? మొన్న మీరు తిరిగి పంపిన ఖాళీ డబ్బాలో నేను పెట్టని చెంచా ఒకటి వచ్చింది. అదెవరిది?

మీ సలోమి

కామారెడ్డి

ప్రియమైన సలోమికి,

ఆ చెంచా రుక్మాబాయిది. మా మిల్లు పక్కన మందుల షాపులో పనిచేస్తుంది. ఒంటరి మనిషి, మధ్యాహ్నం నాతో కలిసి తింటుంది. నీ మోకాళ్ల నొప్పికి కాల్షియం గోలీలు ఇచ్చింది ఆమే. మందు నువ్వే పారబోస్తున్నావేమోనని నాకూ అనుమానంగానే ఉంది.

ఇట్లు, సునీల్‌కుమార్

ఎల్లారెడ్డి

గ్లోరీ డాడీకి,

ఇన్నాళ్లూ ఆమె పేరు ఎందుకు ఎత్తలేదు? మీరూ పరీక్ష చేయించుకోండి. ఆ సంగతి తేలేదాకా ఆదివారం ఇంటికి రావద్దు.

సలోమి

కామారెడ్డి

సలోమికి,

చేయించుకున్నాను. నా రక్తంలో వైరస్ కనపడనే లేదు. అదే మందు నాకు బాగా పనిచేస్తోంది, నా నుంచి నీకు అంటుకునే వీలే లేదట. నువ్వు గోలీలు ఎట్లా మింగుతున్నావో వచ్చి చూపించమంది డాక్టరమ్మ. నీ మాట నాకు బాగా గుచ్చుకుంది.

సునీల్

ఎల్లారెడ్డి

ప్రియమైన మీకు,

వెళ్లి చూపించాను. అవ్వ కంటపడకుండా మందు గోలీలను మీరు పంపిన కాల్షియం డబ్బాలోనే పోసి, పడుకునేముందు ఖాళీ కడుపుతో రెండూ కలిపి మింగుతున్నాను. డాక్టరమ్మ తల పట్టుకుంది. కాల్షియం మందును ఒంటికి పట్టనివ్వదట. అరకొర మందుకు చావక వైరస్ నాలోనే మారిపోయిందట.

ఇంకో మాట కూడా చెప్పింది. నేను జాకెట్ గుడ్డ కత్తిరించి కుట్టినట్టు, వైరస్ తన పొడవాటి ఆర్ఎన్ఏ పోగును మన కణాల చేతే కత్తిరింపజేసి అతికింపజేసుకుంటేనే పెరుగుతుందట. మందును తప్పించుకునే మార్పులు కొన్ని ఆ కత్తిరింపును కూడా చెడగొట్టి, దాన్నే బలహీనం చేయొచ్చట. "గని దాన్ని నమ్ముకొని కూసోవద్దు" అని మందు మార్చింది.

రాత్రి అవ్వకు అంతా చెప్పేశాను. పొద్దున చూస్తే కాల్షియం డబ్బా ఆమె కొంగులో ఉంది. "ఇది నేను పొద్దుగాల అన్నంతోటి ఇస్త. ఆ కొత్త మందు నువ్వు రాత్రి మింగు" అంది. నేను ఏడ్చాను.

మిమ్మల్ని అనుమానించినందుకు సిగ్గుగా ఉంది. ఆదివారం రండి. రుక్మాబాయి చెంచా కడిగి డబ్బాలో పెట్టాను. కూర ఇద్దరికీ సరిపోతుంది.

మీ సలోమి