జిగురు అట్టలు తీసెయ్ అన్నయ్యా

ఆదివారం, మధ్యాహ్నం

అన్నయ్యకు నమస్కారాలు.

క్షేమమా అని అడిగినా నువ్వు జవాబు రాయవు కాబట్టి, క్షేమమేననుకుని మొదలుపెడుతున్నాను. నేను ఆఫీసుకు వెళ్లే బస్సు మన వీధి మలుపు తిరిగేటప్పుడు మన కొట్టు షట్టరు కనిపిస్తుంది. ఎత్తి ఉంటే నువ్వు బాగున్నట్టు. మొన్న సగమే ఎత్తి ఉంది. ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు. సాయంత్రం వదినకు ఫోన్ చేస్తే, నీకు నడుం పట్టేసిందని, పూర్తిగా ఎత్తలేక కింద నుంచి వంగి దూరుతున్నావని చెప్పింది. నడుం పట్టేసినవాడు వంగి దూరడం నీ బుర్రకే తట్టాలి. నాతో మాట్లాడిందని వదినను సాధించకు.

అసలు విషయానికి వస్తాను. కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చేశాయి. ఎలుకలకు జిగురు అట్టలు ఇక అమ్మకూడదు, వాడకూడదు. బోనులో పడ్డదాన్ని బకెట్లో ముంచి చంపకూడదు. బోను పెట్టినవాళ్లు పొద్దున, సాయంత్రం చూసి తీరాలి. స్ప్రింగు ఉచ్చులైతే పరీక్షలో నెగ్గినవే అమ్మాలి. దెబ్బ పడగానే ప్రాణం పోవాలి గానీ గిలగిల కొట్టుకోకూడదు. ఇది చదివి అగ్గి మీద గుగ్గిలం అవుతావని తెలుసు. ఎలుకలకు కూడా చట్టాలా అని వదిన మీద అరవకు. వాటిని రాసింది ఆవిడ కాదు.

నేనూ కాదు. నేను ఆ ఉచ్చులు పరీక్షించే గదిలో పనిచేస్తున్నాను, అంతే. కొట్లు తనిఖీ చేసేది కూడా మా ఆఫీసే. ఎలుకల్ని, పందికొక్కుల్ని నెత్తిన పెట్టుకోమని ఎవరూ అనడం లేదు. చంపక తప్పనప్పుడు ఏడిపించి చంపొద్దంటున్నారు. ఆ రోజు కొట్లో నేనన్నదీ ఇదే కదా. అట్టకు అంటుకుపోయిన చిట్టెలుక తన కాలు తనే కొరుక్కుంటుంటే, ఇవి నేను అమ్మను అన్నాను. ఎలుకల మీద జాలిపడేదానికి ఎలుకబోన్ల కొట్లో ఏం పని, మళ్లీ ఈ గడప తొక్కకు అన్నావు. బోను కొనడానికొచ్చినావిడ ముందే అన్నావు. నాకూ పౌరుషం పొడుచుకొచ్చింది. మనిద్దరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది కదా. ఇప్పుడు చట్టం నా పక్షాన ఉంది, ఎగిరి గంతేయాలి. కానీ నెగ్గానని చెప్పి ఏడిపించడానికి నువ్వే ఎదురుగా లేవు. ఇంకెవరితో చెప్పుకోను?

నాన్న నేర్పిన చెక్క ఉచ్చును పరీక్షకు పెట్టాను. తప్పింది. నాన్న ఉంటే అన్నం మానేసి అలిగేవాడు. ఎర కొక్కెం మరీ లోపలికి ఉంది, అందుకే దెబ్బ మెడ మీద కాక నడుం మీద పడుతోంది. బొటనవేలి వెడల్పు ముందుకు జరిపి చూడు. కూర్చునే చేసుకోవచ్చు. చేసినదాన్ని ఆఫీసుకు పంపితే మళ్లీ పరీక్షిస్తారు.

బుధవారం మా ఆఫీసు నుంచి ఒకాయన తనిఖీకి వస్తాడు. కళ్లద్దాల మనిషి, నెమ్మదస్తుడు. ఆయనతో కయ్యానికి కాలు దువ్వకు. ఈలోపు అట్టలన్నీ తీసి నువ్వే అప్పగించేస్తే పల్లెత్తు మాట అనడు. మొండికేశావో, లైసెన్సు పోతుంది. ఆ కొట్టుకు తాళం పడితే నేను బస్సులో కూర్చుని ఏం చూసుకోవాలి?

నాకు ఆ కొట్టు గుర్తొస్తూనే ఉంటుంది. ఇనుప తీగల వాసన, స్ప్రింగు బిగిస్తూ నువ్వు నాలుక బయటపెట్టడం, వేలు పడి నువ్వు అబ్బా అంటే నేను పకపకా నవ్వడం. ఇక్కడా రోజంతా ఉచ్చులే బిగిస్తాను. వేలు పడితే నవ్వేవాళ్లు లేరు. అందరూ మర్యాదస్తులు, మందు రాసుకోమంటారు. నీ మీద బెంగగా ఉంది అన్నయ్యా.

నడుముకు కాపడం పెట్టించుకో. బరువులెత్తకు. వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు

తా.క.: బుధవారం మన వీధి తనిఖీకి మొదట నన్నే వేశారు. నేనే అడిగి వేయించుకున్నాను. తనిఖీకి వచ్చినవాళ్లను గుమ్మంలో ఆపడానికి నీకు వీల్లేదు కదా, అదీ నా ఎత్తు. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను. శుక్రవారం మా పై అధికారి పిలిచి, ఆ వీధిలో మీవాళ్లెవరైనా ఉన్నారా, ఉంటే మీరు వెళ్లకూడదు అన్నాడు. ఎవరూ లేరు అనేస్తే చాలు, నిన్ను చూసేదాన్ని. నోరు రాలేదు. మా అన్నయ్య ఉన్నాడని చెప్పాను.