బుల్లమ్మ బొట్టు

విజయనగరం,
12-3-1968

జగన్నాధానికి మేనత్త దీవెనలు.

నీ ఉత్తరం అందింది. పూనాలో సినిమా చదువు ముగించి, ఇద్దరు స్నేహితులతో నువ్వు పెట్టిన కంపెనీ మొదటి సినిమా పూర్తయినందుకు సంతోషం. ఇక్కడ జరిగింది వరుసగా రాస్తున్నాను.

మా ఇంటికి చేపలు తెచ్చే బుల్లమ్మ నా మాట మీదే భోగాపురం తీరంలో మీ సినిమాలో నటించింది. విధవ వేషమని అప్పటికప్పుడు చెప్పారు. "బాబూ, మావోడు ఏటకెళ్ళాడు. ఆడు ఒడ్డుకొచ్చినదాకా బొట్టు సెరపకూడదు" అని ఆమె చేతులు జోడించింది. "రంగు పూసిన ముఖాలు మాకొద్దత్తా, నిజం కావాలి" అని నువ్వు నాచేత ఒప్పించావు. బొట్టు చెరిపించి గాజులు పగలగొట్టించారు. మబ్బు పట్టి బొమ్మ సరిగా రాలేదని, కొత్త గాజులు తొడిగించి మళ్ళీ పగలగొట్టించారు.

ఆమె మొగుడు దాలయ్య క్షేమంగానే తిరిగొచ్చాడు. కానీ తోటివాళ్ళు, "నివ్వు బతికుండగానే నీ ఆడది బొట్టు తీసీసింది. మా పడవెక్కకు" అన్నారు. అప్పటినుంచి అతను వేట లేక ఒడ్డునే కూర్చుంటున్నాడు. అత్తగారు గడప తొక్కనివ్వకపోతే బుల్లమ్మ మా వసారాలో పడుకుంటోంది.

మీరు ముగ్గురూ వచ్చి, ఆ తప్పు మీదేనని వాళ్ళ పెద్దల ముందు ఒప్పుకోవాలి.

నిన్న బుల్లమ్మ, "అమ్మా, సినిమాల నానెలాగున్నానట?" అని అడిగింది. వెలుతురు చాలక ఆ ముక్క కత్తిరించి పారేశామని నువ్వు రాసిన మాట నేను చదివి వినిపించలేదు. అది నువ్వే వచ్చి, ఆమె ముఖం చూస్తూ చెప్పు.

మీ అత్త