మీరు పంపినవాడు

రాయచోటి,
జూన్ 3

బావగారు బసవరాజ్ గారికి బాలస్వామి నమస్కరించి రాయునది. ఇక్కడ నా చెవులు తప్ప అందరం క్షేమం.

ఫోను చేయకుండా ఈ ఉత్తరమేమిటని అనుకోకండి. కొయ్యలు కోసే మిషను పక్కన ముప్పై ఏళ్లు నిలబడ్డాను. అది నా చెవులు రెండూ తీసేసుకుంది. పోయినసారి మీరు ఫోనులో "అన్నం తిన్నారా" అంటే నాకు "అన్న పోయినాడు" అని వినబడింది. మా జీవమ్మ తలస్నానం దాకా వెళ్లింది.

విషయమేమంటే, నా మూలమట్టం పోయాడు. పలక అంచుకు ఆనించి అడ్డగీత గీయడానికి ఇరవై ఆరేళ్లుగా నా నడుముకే ఉన్నవాడు. పోయిన నెల పీర్ బాషా కొత్త ఇంటి దగ్గర బండల లారీ వెనక్కి వస్తూ వాడి మీదుగా పోయింది. తీసి చూస్తే, నిటారుగా నిలబడాల్సినవాడు వంగి నమస్కారం పెడుతున్నాడు.

ఇప్పుడు పీర్ బాషా ఇంటికి టేకుతో రెండు రెక్కల వాకిలి చేయాలి. మా ఊరి అంగట్లో పదకొండు రకాలు ముందు పెట్టారు. అంగడాయన నోరు కదిపాడు, నేను తల ఊపాను. ఇంటికొచ్చి పొట్లం విప్పితే తలుపు గడియ.

మీరు ముప్పై ఏళ్లు పిల్లలకు డ్రాయింగు నేర్పిన మాస్టారు. జేబులో పట్టేంత చిన్నది, కొలవడానికీ గీయడానికీ రెండింటికీ పనికొచ్చేది, నిలువు గీతకూ ఏటవాలు గీతకూ నమ్మదగినది ఒకటి మీరే ఎంచి పంపండి.

మీ
బాలస్వామి

తా.క.: మీ కోడలు తనూజ ఫిబ్రవరి నుంచి మా దగ్గరే ఉంది. అమ్మ మోకాళ్ల నొప్పులు చూసుకోవడానికట. వాళ్లమ్మేమో రోజూ గుట్టెక్కి గుడికి పోయి వస్తోంది. ఆడవాళ్ల వైద్యం నాకు అర్థం కాదు.


కర్నూలు,
జూన్ 14

పూజ్యులైన బావగారికి,

మీరు నా మీద ఉంచిన నమ్మకానికి కళ్లు చెమర్చాయి. రిటైరయ్యాక నన్ను ఎవరైనా ఒక ప్రశ్న అడగడం ఇదే మొదలు.

పెళ్లి సంబంధం చూసినంత జాగ్రత్తగా చూశాను. కొయ్య పిడిది వానాకాలంలో ఉబ్బుతుంది. కదలకుండా అతికించింది నికరమే కానీ కొలతకు వేరే స్కేలు కావాలి. చివరికి తల ముందుకూ వెనక్కూ జరిగేదాన్ని ఖాయం చేశాను. ఆరంగుళాల స్కేలు. తలను ఎక్కడ కావాలంటే అక్కడికి జరిపి బిగించుకోవచ్చు. ఒకవైపు తొంభై డిగ్రీలు, రెండోవైపు నలభై ఐదు.

దుకాణానికి ఎనిమిది రోజుల్లో ఏడుసార్లు వెళ్లాను. ఒక్కొక్కదాన్ని వెలుతురుకు పట్టి సందు చూశాను. ఆరోసారికి దుకాణదారు చేతులు జోడించి, "సార్, కొంటాండారా, పరీక్ష పెడ్తాండారా?" అన్నాడు. ఏడోసారి నన్ను దూరం నుంచి చూసి షట్టరు సగం దించాడు.

మా అబ్బాయి భూపేష్‌కు ఫ్యాక్టరీలో కొన్ని రోజులు సెలవు దొరికింది. మీ దగ్గరికే వస్తున్నాడు, అతని చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఆదరించగలరు.

భవదీయుడు
బసవరాజ్

తా.క.: ఆ ఎనిమిది రోజుల్లో ఒక్క రోజు తన కళ్లద్దాలు చూసి ఉంటే బాగుండేదని మా స్వర్ణలత అంటోంది. చూశాను. అవీ మూలమట్టానికి లేవు.


రాయచోటి,
జూన్ 25

బావగారికి అనేక నమస్కారాలు.

మీరు పంపినవాడు శుక్రవారం చేరాడు. చూడడానికి ముచ్చటగా ఉన్నాడు. నున్నటి ముఖం, తేలికైన ఒళ్లు. మొదటి రెండు రోజులు ఏ వంకా పెట్టలేకపోయాను.

పెద్దలు మీరు. మీ ఇంటి నుంచి వచ్చినవాడి గురించి ఇలా రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ దాచడం కూడా తప్పే కదా.

పొద్దున బాగానే నిలబడతాడు. మధ్యాహ్నం దాటాక అనుమానం మొదలు. సాయంత్రానికి పూర్తిగా వదులు. తల ఒకవైపు, ఒళ్లు ఒకవైపు. పట్టుకుని గట్టిగా బిగిస్తే పది నిమిషాలు బుద్ధిగా ఉంటాడు, మళ్లీ మొదలు. నిన్న వీడిని నమ్మి రెండు టేకు పలకలు పాడు చేసుకున్నాను. పీర్ బాషా వచ్చి చూసి, నాకు వినబడేంత గట్టిగా అడిగాడు: "ఏమప్పా బాలస్వామీ, వాకిలి చేస్తాండావా, గాలిపటం చేస్తాండావా?"

తనూజకు చూపించాను. కళ్లనీళ్లు పెట్టుకుని లోపలికి పోయింది.

మార్చే వీలుంటే చూడండి బావగారూ. వీడిని వెనక్కి పంపేస్తాను. కాస్త బరువైనవాడు, మాట మీద నిలబడేవాడు ఇంకొకడు దొరక్కపోడు.

మీ
బాలస్వామి

తా.క.: నూనె రాసి ఎండలో పెట్టమని జీవమ్మ సలహా. అదీ చేశాను. ఇప్పుడు ఇంకా జారుతున్నాడు.


కర్నూలు,
జూలై 2

బావగారికి తలవంచి నమస్కరిస్తున్నాను.

మీ ఉత్తరం చదివి రెండు రోజులు మేము అన్నం ముట్టలేదు. ఇన్నాళ్లూ దాచినందుకు మమ్మల్ని క్షమించండి. వాడు సాయంత్రానికి వదులైపోతాడని మాకు తెలుసు. ఏడాదిన్నరగా తెలుసు.

బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ వాళ్లు ఫిబ్రవరిలోనే వాడిని తీసేశారు. సెలవు అని నేను రాసింది అబద్ధం. మధ్యాహ్నం నుంచే తాగి లారీల లోడు తప్పు రాసేవాడట. మీ దగ్గరైతే కాస్త భయంగా ఉంటాడని మేమే పంపాము. మొదటి రెండు రోజులు మీరు వంక పెట్టలేకపోయారంటే, అది వాడి మంచితనం కాదు, ఊరు కొత్త. మందు అంగడి ఎక్కడుందో తెలియక.

మార్చడం గురించి అడిగారు. బావగారూ, పెళ్లయి నాలుగేళ్లయింది. మాకున్నది వీడొక్కడే. ఇంకొకడిని ఎక్కడి నుంచి తేను? మీ బిడ్డను మీ దగ్గరే ఉంచుకుంటామంటే కాదనే ముఖం మాకు లేదు. ఆ పిల్ల కన్నీళ్లు పెట్టుకుందని చదివి స్వర్ణలత మంచం దిగలేదు.

పాడైన పలకలకు నేను బాధ్యుణ్ణి.

దోషి
బసవరాజ్

తా.క.: పట్టుకుని బిగిస్తున్నారని రాశారు. మీ కోపం న్యాయమే. కానీ మెడ దగ్గర మాత్రం వద్దు, చిన్నప్పుడు ఒకసారి పట్టేసింది. నూనె రాసి ఎండలో పెట్టడం గురించి ఏమనాలో తోచలేదు.


రాయచోటి,
జూలై 9

బావగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి మీకు మతి చలించిందనుకున్నాను. నాలుగోసారికి అర్థమైంది. నేను రాసింది మూలమట్టం గురించి, బావగారూ. తల వదులైంది మూలమట్టానికి. నూనె రాసింది మూలమట్టానికి. నీలం ప్లాస్టిక్ తల, పలచటి రేకు స్కేలు ఉన్న ఆ మూలమట్టానికి.

మీ అబ్బాయి గురించి నాకు ఏమీ తెలియదు. ఇప్పుడు తెలిసింది.

రోజూ సాయంత్రం పోస్టుకు పోయి వస్తానని బయటికి పోయేవాడు. ఎవరికి ఇన్ని ఉత్తరాలు రాస్తాడో అని ముచ్చటపడ్డాను. వచ్చి నన్ను దాటి గోడ పక్కగా నడిచిపోతుంటే మామగారంటే ఎంత మర్యాదో అనుకున్నాను.

నిన్న పొద్దున తనూజను పిలిచి మీ ఉత్తరం చేతికిచ్చాను. చదివి మడిచి పెట్టింది. "నీకు తెలుసునా?" అన్నాను. తల ఊపింది. "మీ అమ్మకు?" తల ఊపింది. "పీర్ బాషాకు?" దానికీ ఊపింది.

"మరి నాకొక్కడికే ఎందుకు చెప్పలేదే?"

నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. "నీకు చెప్పాలంటే అరవాల నాయనా. అరిస్తే వీధి వీధంతా వింటాది."

ఐదు నెలలు నా ఇంట్లోనే, నా పక్కనే, ఆ పిల్ల నోరు మూసుకుని తిరిగింది. నేను మోకాళ్ల నొప్పులని నమ్మాను.

భూపేష్ గదిలోంచి రావడం లేదు. నేను వెళ్లలేదు. వెళ్లి ఏమనాలి? వాడు చెప్పేది నాకు వినబడదు, నేను అడిగేది వాడు వినలేడు.

బాలస్వామి

తా.క.: ఈ ఉత్తరం నేనే పోస్టు చేస్తున్నాను.


కర్నూలు,
జూలై 15

బావగారికి,

నీలం ప్లాస్టిక్ తల అని రాశారు. నేను కొన్నది నిండు ఉక్కు. తల కూడా ఉక్కే, చేతిలో పెడితే చెయ్యి దిగేది. వెలుతురు దూరే సందు లేదు. ఏడుసార్లు చూశాను.

ఏం జరిగి ఉంటుందో మీరు ఊహించగలరు, నేనూ ఊహించాను. కన్నకొడుకును కొయ్యతో పోల్చకూడదు గానీ, ఇది లోపలి నుంచి తొలిచిన కొయ్య.

అలాంటిదే ఇంకొకటి పార్సిలులో పంపుతున్నాను. దుకాణదారు ఈసారి షట్టరు దించలేదు. నా ముఖం చూసి కుర్చీ వేశాడు.

బసవరాజ్

తా.క.: మీరు అడిగింది మూలమట్టం గురించని ముందే తెలిసి ఉంటే, నేను ఇంకా అబద్ధమే చెబుతూ ఉండేవాడిని. అది తలుచుకుంటే ఎక్కువ సిగ్గుగా ఉంది.


రాయచోటి,
జూలై 31

బావగారికి నమస్కారాలు.

పార్సిలు అందింది. దాన్ని తీసుకుని భూపేష్ గదిలోకి వెళ్లాను. ముందు పెట్టగానే ఏడ్చేశాడు. నా చెవి దగ్గరకు వచ్చి, "కడప బస్టాండు కాడ మార్చినా మామా. మిగిలిన దుడ్లు తాగినా," అన్నాడు. అంత స్పష్టంగా ఈ మధ్య నాకు ఏదీ వినబడలేదు.

తిట్టాలనే వెళ్లాను. అంతలో మీ ఉక్కువాడిని పరీక్షిద్దామని పలక మీద పెట్టాను. ఒక గీత గీసి, పనిముట్టును తిరగేసి, అదే చోట ఇంకో గీత గీయాలి. రెండూ కలిస్తే నికరమైనది. గీశాను. కలవలేదు. మళ్లీ గీశాను. కలవలేదు. మీరు కూడా మోసపోయారనుకున్నాను.

తనూజ వచ్చి నా చేతిలోంచి తీసుకుని గీసింది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఆ నీలం తలవాడితో గీయమన్నాను. వాడితోనూ కలిశాయి.

అప్పుడు నా చెయ్యి చూసుకున్నాను బావగారూ. పొద్దున కాస్త నిలబడుతోంది. సాయంత్రానికి వదులు. నేను మీకు రాసిన ఫిర్యాదంతా నా గురించే.

కడపలో డాక్టరుకు చూపించాము. నరాలట. తగ్గేది కాదట, నెమ్మదిగా పెరిగేదట. ఆయన చెప్పింది నాకు వినబడలేదు. జీవమ్మ ముఖం చూసి తెలుసుకున్నాను.

భూపేష్ తొమ్మిది రోజులు బయటికి పోలేదు. పదో రోజు పోయాడు. మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడుతున్నాము, ఈ రోజు నాలుగు. సాయంత్రం ఐదుకు మేమిద్దరం అరుగు మీద కూర్చుంటాము. మందు లేక వాడి చేతులు, మందు లేని రోగంతో నా చేతులు. జీవమ్మ టీ గ్లాసులు సగమే నింపుతోంది.

ఇక గీతలు తనూజ గీస్తుంది, నేను పక్కన కూర్చుని చెబుతాను. అది రెండు రోజుల్లో నేర్చుకుంది. ఆడపిల్లకు ఇంత త్వరగా చెయ్యి ఎలా కుదిరిందో ఆశ్చర్యంగా ఉంది.

మీ
బాలస్వామి

తా.క.: మామయ్యగారికి తనూజ నమస్కారాలు. కవరు అంటించమని నాయన నా చేతికిచ్చాడు కాబట్టి ఇది రాస్తున్నాను. రెండు రోజుల్లో నేర్చుకోలేదు. ఫిబ్రవరిలో వచ్చిన వారానికే ఆయన గీతలు తప్పుతున్నాయని చూశాను. అప్పటి నుంచి ఆయన స్నానానికి వెళ్లినప్పుడల్లా చెరిపి, మళ్లీ నేనే గీసేదాన్ని. మీ అబ్బాయి వచ్చాక ఈయన వెనక తిరగడంతోనే సరిపోయి, పలకల దగ్గరికి పోలేకపోయాను. ఆ రెండూ అట్లా పాడయ్యాయి. నాయన తెచ్చి చూపించినప్పుడు ఏడ్చింది అందుకు. ఆయనకు ఇది చెప్పలేదు, మీరూ రాయకండి.

పీర్ బాషా వాకిలి బుధవారం నిలబెట్టాము. మీరు పంపినది మంచిదే గానీ నా చేతికి పెద్దది, బరువు. నాలుగంగుళాలది ఉంటే చూడగలరు. పోస్టులో పంపండి. మనిషి చేత వద్దు.