తొందరపడి చెప్పిన సాక్ష్యం

షానన్, శనివారం, ఫిబ్రవరి 2021

ఒంట్లో ఓపిక లేదు. అయినా రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మా చర్చి సంఘంలోని డాక్టర్ గారి 1967 స్పోర్ట్స్ కారుకి అదే ఏడాది తయారైన ఇంజిన్ కోసం నెలల తరబడి వెతికాను. చివరికి ఒక రైతు షెడ్డులో ఉందన్నారు. లాక్‌డౌన్‌లో ఐదు కిలోమీటర్లు దాటకూడదాయె, వెళ్ళి చూడలేదు. చూడకుండానే పోయిన ఆదివారం జూమ్ ప్రార్థనలో సాక్ష్యం చెప్పేశాను. "అడిగిన ఏడాదిదే ఇచ్చాడు నా దేవుడు!" అని అరిచాను. అందరూ మ్యూట్ తీసి మరీ హల్లెలూయా అన్నారు.

ఇవాళ ఇంజిన్ నా గ్యారేజీకి వచ్చింది. జిడ్డు గీకితే నంబరు బయటపడింది. దాన్నిబట్టి అది 1970ది.

డాక్టర్ గారికి ఫోన్ చేశాను. కోవిడ్ వార్డులో డ్యూటీ ముగించుకుని అప్పుడే బయటికొచ్చారట.

"నడుస్తుందా బ్రదర్?"

"నడుస్తుంది సార్. కానీ మీరడిగింది కాదు."

"గ్రాండ్, పర్లేదు. బిగించెయ్యండి. ఒక్కసారి సముద్రం దాకా వెళ్ళొస్తే చాలు నాకు."

ఆయనకి చాలు. నా సంగతో?

మా ఆవిడ మేరీ అన్నం వడ్డిస్తూ, "దేవుడు ఇంజిన్ నంబరు కూడా చెప్పాడా నీకు?" అంది.

చెప్పలేదు. నా తొందరని ఆయన నోట పెట్టాను. అబద్ధ సాక్ష్యం పలకరాదన్న తొమ్మిదో ఆజ్ఞ మీద ప్రసంగిస్తూ ఎన్నిసార్లు బల్ల గుద్దానో!

రేపు అందరి ముందూ ఒప్పుకుంటాను. దేవుణ్ణి పొగిడేటప్పుడు అరవడం వచ్చు నాకు. ఈ మాట ఏ గొంతుతో చెప్పాలో తెలియడం లేదు.