పటంలో మెరకకెక్కిన మా ఇల్లు

మండల తహశీల్దారు గారి సముఖమునకు, కాలువ వీధిలో పరుపులు కుట్టుకుని బతుకు షేక్ ఖాదర్ బాషా చేసుకొను విన్నపము.

విషయం: వరద ముంపు పటంలో రోడ్డు మీదికి వెళ్లిన నా ఇంటిని తిరిగి పల్లంలోకి దించుట గురించి.

అయ్యా,

1. గత వేసవిలో తమ సర్వేయరు ఆనందబాబు గారు ముంపు ఇళ్లను గుర్తించుటకు వచ్చియున్నారు. ఎండ తీవ్రత దృష్ట్యా మా వీధిలోకి దిగక, మెరకనున్న చిట్టమూరు రోడ్డు మీద పేరమ్మ టీ అంగట్లో కూర్చుని, అక్కడినుండే ఇళ్లన్నిటినీ ఫోనులో నమోదు చేసినారు. ఫోను ఎక్కడ ఉండునో ఇల్లు అక్కడే ఉన్నట్లు పటంలో పడునట. తత్కారణముగా మా వీధి మొత్తం పేరమ్మ బెంచీ మీదికి చేరి, ముంపు లేని ఆకుపచ్చ రంగు పొందినది. "ఇంతమంది నా అంగట్లో కాపురముంటే నేనేడ కూచునేది?" అని పేరమ్మ అభ్యంతరము తెలిపియున్నది.

2. మొన్నటి తుపానుకు కాలువ తెగి, మా ఇంట్లో కిటికీ ఎత్తు నీరు నిలిచినది. పురిటికి వచ్చిన నా కూతురు నిషాత్‌కు నెలలు నిండియున్నవి. సాయమునకు ఫోను చేయగా పడవ తక్షణమే బయలుదేరి, పటం ప్రకారము పేరమ్మ అంగడి వద్దకు చేరినది. ఈ వేగమునకు కృతజ్ఞుడను.

"మీ ఇంటికాడే ఉన్నాం. మీరేరీ?" అని పడవవారు అడిగినారు.

"మేమూ మా ఇంట్లోనే ఉన్నాం సార్. బిడ్డను బల్ల మీదికి ఎక్కించినాం. నీళ్లు పెరగతా ఉండాయి."

"ఇక్కడ నేల పొడిగా ఉంది కదయ్యా!"

అంతటితో ఫోను ఆగిపోయినది.

3. పడవ మా వద్దకు రాదని గ్రహించి, పటంలోని మా ఇంటికి మేమే వెళ్లుటకు నిశ్చయించితిమి. పక్కింటి పెంచలకృష్ణ తలుపు ఊడబీకినాడు. నిషాత్‌ను దాని మీద పడుకోబెట్టి, గుండెలోతు నీళ్లలో తోసుకుంటూ పోయినాము. "బాషన్నా, తలుపు వంగనీబాక. పాపా, నువ్వు కళ్లు మూసుకోమ్మా" అని వాడు చెబుతూనే ఉన్నాడు. నా బిడ్డ కళ్లు మూయలేదు. నా చెయ్యి వదల్లేదు. అయ్యా, ఈ సంగతిని ఆఫీసు భాషలో ఎట్లు రాయవలెనో నాకు తెలియలేదు.

పడవ అందినది. ఆసుపత్రిలో మగబిడ్డ పుట్టినాడు. ఇద్దరూ క్షేమము.

4. తదుపరి వరద సాయమునకు రాగా, నా ఇల్లు మెరకలో ఉన్నందున మునుగుటకు వీలులేదని తమ కార్యాలయము వారు తెలిపినారు. మా గోడ మీది నీటి చారకు ఈ సంగతి ఇంకా తెలియదు.

కావున సర్వేయరు గారిని నా వాకిట్లోకి పంపి, ఇంటికి న్యాయముగా రావలసిన ముంపు ఎర్ర రంగును మంజూరు చేయించవలెనని, ఈ గోడు చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

పటంలో ఎక్కడ ఉన్నను తమ విధేయుడు,
షేక్ ఖాదర్ బాషా

మరొక మనవి: నిషాత్ బిడ్డతో బుచ్చిరెడ్డిపాలెంలో అత్తగారింట్లో ఉండాది సార్. "పడవ మనింటికి వస్తాదని తెలిసేదాకా బిడ్డను ఆడికి తీసకరాను నాయనా" అంటా ఉంది. మనవడికి చిన్న పరుపు కుట్టిపెట్టినా. వాడు పెరిగిపోతా ఉండాడు. అది వాడికి పొట్టిదైపోక ముందే ఎవర్నన్నా పంపండి సార్.